నిమ్మకాయ తొక్కని బండి

విశాఖ గోదాంలో మనిషి తోలకుండానే సరుకు మోసే పాత బళ్ళు నేలమీది నల్లగీత వెంటే నడిచేవి. మనిషి అడ్డొస్తే తప్పుకునేదాకా ఆగేవి. పెట్టెలు సర్దే పైడితల్లి ఏటా దసరాకి వాటి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేది.

ఈ దసరాకి గీత అక్కర్లేని కొత్త బళ్ళొచ్చాయి. నిమ్మకాయ పెడితే పక్కనుంచి పోయాయి. ఒళ్ళు మండి పైడితల్లి తానే అడ్డంగా నిలబడింది. ఆమెనూ చుట్టి పోయాయి.

మర్నాడు ఆమె బల్ల దగ్గరికి సరుకే రాలేదు.

"ఒక్క బండీ రాదేటి బాబూ?" అని సూపర్‌వైజర్ సన్యాసినాయుణ్ణి అడిగింది.

అతను తెరమీది గోదాం పటంలో ఆమె ఉన్నచోట ఎర్రచుక్క చూపించాడు. "నిన్ను అడ్డమని రాసీసుకున్నాయమ్మా."

"తీసెయ్ మరి."

"నా చేతిలో లేదు."

ఆమె రెండడుగులు పక్కకి వేసింది. తెరమీద చుక్క కూడా జరిగింది.

దాన్నే చూస్తూ సన్యాసినాయుడు మెల్లగా ఆమెకు దూరం జరిగాడు.