ఏడిస్తే నచ్చినట్టేనా

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే సుభాషిణి నుదుటికి కట్టుకున్న పట్టీలో నడుస్తున్న పజిల్ ఆటలో పదకొండో చిక్కును మనసులోనే విప్పింది. దాంతో కథ ముందుకు జరిగింది: తనను వదిలేసి వెళ్లిన తల్లిని కూతురు క్షమించింది. సుభాషిణికి కన్నీళ్లొచ్చాయి. ఆటల మీద అభిప్రాయాలు మనుషులు రాయడం మానేసి చాలా ఏళ్లయింది. ఆమె మనసును చదివి నుదుటి పట్టీయే రాసేసింది: "అద్భుతం. అయిదు నక్షత్రాలు."

"సరేనని దాని కింద వేలిముద్ర వెయ్యవే, ఆఖరి భాగం తెరుచుకుంటుంది," అంది అక్క వనజాక్షి. "కుళాయి విప్పినట్టు ఏడ్చావుగా!"

"కోపంతో ఏడ్చానక్కా. ఎందుకెళ్లావని ఒక్క మాటైనా అడగదా ఆ పిల్ల?"

పట్టీ రాసింది చెరిపేసి సుభాషిణి తనే రాసింది: "చిక్కులు బాగున్నాయి. కథ అబద్ధం."

"ఇది మీ మనసుతో సరిపోలడం లేదు. ఆఖరి భాగం మూసేస్తున్నాం," అంది పట్టీ.

"మూసెయ్. నా మనసు సంగతి నేను చెప్తాను."

సుభాషిణి పట్టీ ఊడదీసి, అవే రెండు వాక్యాలు కాగితం మీద చేత్తో మళ్లీ రాసి, కింద తన పేరు పెట్టింది.