కాలువ తవ్విన అడవిపంది

అడవి నడుమ వానలకు నిండి, ఎండలకు ఇంకిపోయే గుంట ఒకటుండేది. అందులో ఏడాదంతా పొర్లాలని అడవిపందికి ఆశ. అందుకని వాగు నుంచి గుంటకు కాలువ తవ్వసాగింది.

"వద్దు మామా! వాగునీళ్లతో చేపలొస్తాయి. గుంట ఏటా ఎండిపోతుంది గనకే ఇందులో చేపల్లేవు, నా పిల్లలు బతుకుతున్నారు," అని కప్ప బతిమాలింది.

"నీకన్నీ అనుమానాలే కోడలా!" అంటూ పంది చివరి మట్టిపెళ్ల పెకలించింది. నీళ్లతో పాటే ఓ పెద్ద చేప నోరు తెరుచుకుని దూసుకొచ్చింది. పంది హడలిపోయి కాలువలో అడ్డంగా కూలబడింది.

"లేచావో, చేప లోపలికొచ్చేస్తుంది," అంది కప్ప.

పాపం, తోకకప్పలకు కాళ్లొచ్చేదాకా పంది కదల్లేదు. కాళ్లొచ్చిన పిల్లలు దాని వీపెక్కి అడవిలోకి గెంతాయి.

"ఇక లేవొచ్చు మామా," అంది కప్ప నవ్వుతూ.

"ఉండవే, చిన్నది ఎక్కలేక జారిపోతోంది," అంటూ పంది వీపు ఇంకాస్త వంచింది.