ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర

ప్రార్థన సగంలో ఉండగా పెద్ద డాక్టరుగారి తెల్లకోటు ఎవరో పట్టి లాగారు.

కళ్లు తెరిచి చూస్తే బెంచీ మామ్మ.

"బాబూ, ఒకసారి రండి. వరండాలో పెద్దాయన ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాడు."

డాక్టరుగారు ఆమెన్ కూడా అనకుండా పరుగెత్తారు. ఆయన వెనకే నర్సులు. స్టెతస్కోపు గుండె మీద ఆనగానే ఆ పెద్దాయన లేచి కూర్చున్నాడు. రాత్రంతా దగ్గుతో నిద్ర లేదని, ఇప్పుడే కాస్త కునుకు పట్టిందని, మనిషిని పడుకోనివ్వరా అని అందరికీ కలిపి చీవాట్లు పెట్టాడు.

నర్సులు నవ్వు ఆపుకోలేకపోయారు. డాక్టరుగారికి మాత్రం నవ్వు రాలేదు. నెలలో ఇది మూడోసారి.

అది ముప్ఫై పడకల మిషన్ ఆసుపత్రి. ఆయన పెద్ద డాక్టరుగా వచ్చి నాలుగు నెలలైంది. మంచి హస్తవాసి ఉన్న మనిషి. రోగి తల మీద చెయ్యి వేసి ప్రార్థన చెయ్యనిదే కత్తి పట్టరు. మందూ ప్రార్థనా తనకు రెండు చేతులనీ, ఏ ఒక్కటి లేకపోయినా తాను అవిటివాణ్ణేననీ చిన్న డాక్టర్లకు చెబుతుంటారు. చెప్పడమే కాదు, అలాగే బతుకుతారు.

ఉదయం ఎనిమిదికి గంట కొట్టగానే పై వార్డులో ఒక నర్సు తప్ప సిబ్బందంతా ప్రార్థన గదిలో ఉండాలి. ఎనిమిదిన్నరకు ఓపీ మొదలు. ఆ అరగంటా వరండాలో రోగులు వాళ్ల మానాన వాళ్లు కూర్చుంటారు. ఎన్నో ఏళ్లుగా అదే పద్ధతి. అరగంటలో కొంపలేం మునగవని అందరి ధీమా.

మామ్మ ఎవరో ఎవరికీ సరిగ్గా తెలియదు. రోజూ గంట కొట్టే వేళకు వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. ఓపీ మొదలవగానే వెళ్లిపోతుంది. ఎవరో రోగి తాలూకు మనిషని కొందరు, ఫ్యాను గాలి కోసం వస్తుందని కొందరు అనుకునేవారు. ఈమధ్యే వచ్చిన పాస్టరుగారు లోపలికి రమ్మని చాలాసార్లు పిలిచారు. తనకు ఇక్కడే బాగుందనేది. మనసు రాయి చేసుకున్న మనిషని తేల్చి, ఆయన ఆవిడ కోసం విడిగా ప్రార్థన కూడా మొదలుపెట్టారు.

ఆ రోజు డాక్టరుగారు మామ్మను పక్కకు పిలిచారు. దేవుడి సన్నిధిలో ఉన్నవాళ్లను ఇలా లేపడం బాగాలేదని, జబ్బు లేకపోతే రేపటి నుంచి రావద్దని మర్యాదగానే చెప్పారు.

మామ్మ వాదించలేదు. బెంచీల వైపు చూసి, "మరి వీళ్లని ఎవరు చూస్తారు బాబూ?" అంది.

"దేవుడు చూస్తాడు మామ్మా," అన్నారు డాక్టరుగారు నిండు నమ్మకంతో.

ఆవిడ తలూపి వెళ్లిపోయింది.

నెల రోజులు ప్రార్థనలు ఏ ఆటంకం లేకుండా సాగాయి. పాటలు కూడా బాగా కుదిరాయి.

తర్వాతి సోమవారం ఎనిమిదిన్నరకు తలుపులు తెరిచేసరికి ఒక లారీ డ్రైవరు గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, పెదాలు నీలం. నిద్రపోతున్నాడని పక్కవాళ్లు అనుకున్నారు. డాక్టరుగారు చెయ్యి పట్టుకునేలోపే ఊపిరి ఆగింది.

నేల మీదే పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టారు. షాక్ ఇచ్చారు. మళ్లీ నొక్కారు. ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. అది లెక్కో ప్రార్థనో పక్కనున్న నర్సుకు తెలియలేదు.

ఇరవై నిమిషాలకు నాడి దొరికింది.

డ్రైవర్ని పైకి తరలించాక హెడ్ నర్సు మెల్లగా, మామ్మ ఉంటే ముందే పిలిచేదంది. మామ్మ లేపేది నిద్రపోయేవాళ్లనే కదా అన్నారు డాక్టరుగారు.

కాదట. మామూలుగా వెనక గుమ్మం దగ్గర నిలబడి హెడ్ నర్సుకే సైగ చేసేదట. నర్సు సెలవులో ఉన్న రోజే డాక్టరుగారి దాకా వచ్చేదట. అలా ఈ ఏడేళ్లలో నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాళ్లు తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ నడిచి ఇళ్లకు వెళ్లారు.

"నాకెందుకు చెప్పలేదు సిస్టర్?"

"ప్రార్థనలోంచి లేచి వెళ్తున్నానని ఎలా చెప్పను సార్?"

డాక్టరుగారు దిగులుపడి కూర్చునే రకం కాదు. మర్నాడే ప్రార్థనను వరండాలోకి, రోగుల మధ్యకు మార్చారు. తాను కళ్లు తెరిచే ప్రార్థించారు. పాస్టరుగారికి మొదట వింతగా ఉన్నా, దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు కనిపించకపోవడంతో ఆయనా ఊరుకున్నారు.

ఆ సాయంత్రం డాక్టరుగారు వాచ్‌మన్‌ని అడిగి మామ్మ ఇంటికి బయల్దేరారు. తప్పు ఒప్పుకుంటే మామ్మ తప్పకుండా వస్తుందనే నమ్మకం ఆయనది.

మేడ మీద రెండు గదుల ఇల్లు. కుట్టు మిషను ఆపి కోడలు లేచి నిలబడింది. వచ్చిన పని చెప్పారు.

"అత్తయ్యగారు పోయి పదిరోజులైందండీ. నిద్రలోనే."

ఆయన స్టూలు మీద కూలబడి, మామ్మకు ప్రార్థన మీద కోపమా, అందుకేనా లోపలికి వచ్చేది కాదు అని అడిగారు.

అయ్యో, అదేం కాదంది కోడలు. తెల్లవారకముందే ఇంట్లో ప్రార్థన ముగించుకునేవారట. అందులో ఆసుపత్రిలో ప్రతి ఒక్కరూ ఉండేవారట. రావద్దన్నాక కూడా ఒక్క పూట మానలేదట.

"మరి వరండాలో కూర్చుని రోగుల్ని చూసే పని ఎవరు అప్పగించారమ్మా మామ్మకి?"

కోడలి గొంతులో కోపం లేదు.

"ఎవరూ అప్పగించలేదు డాక్టరుగారూ, ఎనిమిదేళ్ల కిందట ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, మా ఆయన, మీ వరండాలోనే పోయారు, మీవాళ్లంతా లోపల ప్రార్థనలో ఉండగా."