నలభై నిమిషాలు

మార్చి పదకొండు. ఆ రోజు అతను తిన్నది రెండు బిస్కెట్లు, అవీ లిఫ్టులో నిలబడి. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని భార్యకు మూడో చెంచా సూపు పడుతుండగా ఫోన్ మోగింది.

“మాస్టారూ, ఎక్కడున్నారు? కంపైల్ అయిపోయింది,” అంది ఆఫీసు నుంచి, వయసులో అతనికన్నా చాలా చిన్నదైన కొత్త టీమ్ లీడ్.

“అప్పుడేనా మేడమ్? నలభై నిమిషాలు పట్టాలిగా.”

“అది పాత కథ. తాత్కాలిక ఫైళ్లు డిస్కు మీద రాయకుండా మెమరీలోనే పెట్టించాను. ఇప్పుడు నాలుగే నిమిషాలు. త్వరగా వచ్చి చూడండి.”

చెంచా జేబులో వేసుకుని లేచాడు. భార్య నోరు ఇంకా తెరిచే ఉంది.

రోగుల దగ్గరికి పంపేది మూడు నుంచి నాలుగు వరకే. మూడింటికి కంపైల్ పెట్టి, రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ నడిపేందుకు సిద్ధం చేసుకునేలోపు రోడ్డు దాటి ఆసుపత్రికి రావడం ఆరు వారాలుగా అతనికి అలవాటు. సెలవులు అయిపోయాయి. సంగతి చెబుదామంటే, పోయిన నెల ఇలాగే చెప్పుకున్న మనిషి కుర్చీ ఇప్పుడు ఖాళీగా ఉంది.

“జేబులో ఆ చెంచా ఏమిటి మాస్టారూ?” అంది మేడమ్, అతను ఆఫీసుకు రాగానే.

“టీకి మేడమ్.”

“మన దగ్గర చెంచాలకు కరువొచ్చిందా?”

మర్నాడు అతను సీటు కదల్లేకపోయాడు. నర్సే ఫోన్ చేసింది.

“రెండు చెంచాలే దిగాయి బాబాయ్. మీ చేత్తో అయితేనే మింగుతుంది. తలుపు వంకే చూస్తోంది.”

“కాస్త చల్లార్చి, మెల్లిగా పట్టి చూడమ్మా. నాకే నలభై నిమిషాలు పట్టేది.”

వెనక్కి తిరిగితే మేడమ్.

“స్క్రీన్ చూడండి మాస్టారూ. అయిపోయింది,” అని వెళ్లిపోయింది.

మూడో రోజు కంపైల్ నత్తలా నడిచింది.

“ఏం చెడిందో నాకే అంతుపట్టడం లేదు,” అని ఆమె విసుక్కుంది. “మళ్లీ నలభై నిమిషాలట. దానికి కాపలా కాస్తూ ఇక్కడ కూర్చోకండి.”

ఆ రోజు సూపు గిన్నె ఖాళీ అయింది.

సాయంత్రం మాత్రం అతని మనసు ఊరుకోలేదు. పైవాళ్ల ముందు పాపం ఆ పిల్ల మాట పోతుంది. తానే సరిచేసి పెడదామని, ఎవరు ఏది ఎందుకు మార్చారో రాసి ఉండే చిట్టా తెరిచాడు. అవతల మేడమ్ లైటు ఆర్పి, గది తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది.

చిట్టాలో చివరి మార్పు ఆమె పేరు మీదే ఉంది: “మెమరీ నుంచి మళ్లీ డిస్కుకే మార్చాను. కారణం: సూపు తాగించడానికి నలభై నిమిషాలు పడుతుంది.”