జారిన టైరు

"పడ్డాక టైరు పోయిందో, టైరు పోయాక యోగి పడ్డాడో మాకు తెలీదన్నారు పోలీసులు. మీరు చూసి చెప్పండన్నయ్యా," అంది నళిని, వ్యాన్ వెనక డోర్ తెరుస్తూ.

దివాకర్ గరాజ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. వ్యాన్‌లో ఉన్నది యోగానంద్ సైకిల్. పదహారు రోజుల క్రితం, ఆదివారం పొద్దున, దాని మీద కొండ దిగుతూ మలుపు దగ్గర లోయలో పడి చనిపోయాడు నళిని మొగుడు. అమెరికాలోని ఈ డబ్లిన్‌లో తెలుగువాళ్ళ సైకిల్ ఏది మొరాయించినా దివాకర్ దగ్గరికే వస్తుంది. కోడ్ రాసేది పొట్టకోసం, పానా పట్టేది సరదాకోసం అని ఆయనే పదిమందిలో చెప్పుకుంటాడు.

"షాపులో చూపిస్తే పోయేది కదమ్మా," అన్నాడు.

"షాపువాళ్ళు నాకేమన్నా చుట్టాలా? ఉన్నదున్నట్టు చెప్పేది మీరే. ముందు చక్రం టైరు చూస్తే కొత్తదిలా ఉంది. ఎక్కడ వేయించాడో నాకు చెప్పలేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు దివాకర్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ టైరు వేసింది ఆయనే. ప్రమాదానికి ముందురోజు శనివారం సాయంత్రం, ఈ గరాజ్‌లోనే.

ఇంతలో రష్మి బయటికి వచ్చింది. సైకిల్ని చూసింది, మొగుడి మొహం చూసింది. "లోపలికి పద నళినీ, కాఫీ తాగుదువుగాని. ఆయన చూస్తారు," అంది. నళిని నాలుగడుగులు ముందుకు వెళ్ళాక, దివాకర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"మీరు వేశారని నోరు జారకండి. ఇక్కడ లాయర్లు ఊరుకోరు. ఇల్లు అమ్మించేస్తారు."

"మనిషి పోయాడే..."

"పోయినవాణ్ణి తేలేం. మన ఇద్దరు పిల్లల మొహం చూడండి."

దివాకర్ సైకిల్ని స్టాండుకెక్కించాడు. ముందు చక్రంలో గాలి చుక్క లేదు. గాలి కొట్టే వాల్వ్ నిటారుగా ఉండాలి, అది పక్కకి ఒరిగిపోయి మొదలంటా చిరిగి ఉంది. కింద పడితే అలా చిరగదు. టైరు రిమ్ము మీద జారి తిరిగితేనే, ట్యూబ్‌ని లాక్కుపోయి అలా చింపుతుంది. టైరు విప్పి రిమ్ము అంచు మీద వేలు పెట్టాడు. జిడ్డుగా తగిలింది. కొబ్బరినూనె వాసన.

ఆ శనివారం కొత్త టైరు బిగుతుగా ఉండి రిమ్ములోకి దిగలేదు. సబ్బునీళ్ళు కలిపే ఓపిక లేక, బాత్రూంలోంచి కొబ్బరినూనె సీసా తెచ్చి అంచంతా పూశాడు. సబ్బునీళ్ళు ఆరిపోతాయి, నూనె ఆరదు. ఆ సంగతి తెలియనివాడు కాదు. గాలి కొట్టాక మీటర్ చూడలేదు. గుడివాడలో చిన్నప్పటి అలవాటు ఎక్కడికి పోతుంది? బొటనవేలితో నొక్కి చూసి, "రాయిలా ఉంది, పోవయ్యా," అన్నాడు. మర్నాడు వాలులో యోగానంద్ బ్రేక్ పట్టాడు. రిమ్ము ఆగింది, టైరు ఆగలేదు.

చంపింది నేనే అనుకున్నాడు దివాకర్. చక్రం పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి వెళ్ళి చెప్పేద్దామని రెండడుగులు వేశాడు కూడా. వంటింట్లోంచి నళిని గొంతు వినిపించింది. "తప్పెవరిదో తేలకపోతే నాకు నిద్ర పట్టదు రష్మీ," అంటోంది. ఆ రెండడుగులూ వెనక్కి వేశాడు.

తర్వాత పని చకచకా అయిపోయింది. స్పిరిట్‌తో రిమ్ముని నాలుగుసార్లు తుడిచాడు. టైరు లోపలి అంచు వాసన పోయేదాకా తుడిచాడు. కొత్త ట్యూబ్ వేసి, ఏ నూనే లేకుండా, బొటనవేళ్ళు పుళ్ళు పడేలా నొక్కి టైరు ఎక్కించాడు. ఈసారి మీటర్ చూసి మరీ గాలి కొట్టాడు. చిరిగిన ట్యూబ్‌ని చెత్తడబ్బా అడుగున కుక్కాడు.

నళిని వచ్చేసరికి చక్రం నున్నగా తిరుగుతోంది.

"ఏం తేలిందన్నయ్యా?"

"సైకిల్లో ఏ లోపమూ లేదమ్మా. ట్యూబ్ పడ్డప్పుడు చిరిగింది. మార్చేశాను."

"బ్రేకులు?"

"బాగున్నాయి."

"టైరు?"

"నిక్షేపంగా ఉంది. సరిగ్గానే వేశారు."

"సరిగ్గా చూశారా?"

"చూశానమ్మా."

నళిని ఆయన కళ్ళల్లోకే చూస్తూ అడిగింది. "మీ పిల్లల మీద ఒట్టేసి చెప్పండన్నయ్యా."

గుమ్మంలో రష్మి తల దించుకుంది.

"ఒట్టు," అన్నాడు దివాకర్.

నళిని ఏడవలేదు. గరాజ్ మెట్టు మీద మెల్లగా కూలబడింది.

"ఆ ఆదివారానికి యోగి ఉద్యోగం పోయి నెల దాటింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఉద్యోగం లేకుండా ఇక్కడ ఉండనిచ్చే అరవై రోజుల్లో సగం అయిపోయాయి, ఇంకో వీసా స్పాన్సర్ దొరకలేదు. ఆ పొద్దున నేనే నోరు పారేసుకున్నాను. నువ్వు ఉండి ఎవరికి లాభం అన్నాను. ఒక్క మాట తిరిగి అనలేదు. హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు."

దివాకర్ చూపు చెత్తడబ్బా మీదికి పోయింది.

నళిని చక్రం వంకే చూస్తోంది. "టైరు సరిగ్గా వెయ్యలేదని మీరంటే, ఆ వేసినవాడెవరో వెతికి పట్టుకుని, వాడి కాళ్ళకి దండం పెడదామని వచ్చానన్నయ్యా."