బుడగ మీద గడ్డం

పార్కిన్సన్స్ రోగులందరి జబ్బకూ మందు పట్టీ అంటించి, లోపల మెదడు కణాలేమయ్యాయో చెప్పని కంపెనీ పెద్దలారా! మీరు దాచిన సంగతిని జగిత్యాల మంగలి వీరభద్రం బుడగతో వెతికాడు.

వణుకును కొలిచి, అడిగితే మాట్లాడే ఆ పట్టీ మందు ఎక్కిస్తే చెయ్యి నిలుస్తుంది. ఆ చెయ్యే అతనికి కూడు. కత్తి నేర్చుకున్న రోజుల్లోలాగే గంటకో రబ్బరు బుడగ ఊది, నురగ రాసి, గీసి చూసుకునేవాడు. పట్టీ వేసిన మొదటి ఏడాది పొద్దుగూకేదాకా ఒక్కటీ పగల్లేదు. ఈ ఏడాది మధ్యాహ్నం పన్నెండు కాకముందే టప్పుమంది.

"రోగం ముదిరిందిరా, గంతే. నా చెవి పైలం!" అన్నాడు కుర్చీలోని రాజలింగం.

"రోగమే ముదిరిందా, మందే నరాలను తింటున్నదా? గది ఎట్ల తెలుస్తది బావా?"

"పట్టీనే అడుగు."

అడిగాడు. "మోతాదు పెంచాను," అంది పట్టీ.

వీరభద్రానికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. తీసేస్తే కత్తి పట్టలేడు, ఉంచుకుంటే ఏం పోతోందో తెలియదు. అతని వణుకు లెక్కను రోజూ కంపెనీకి చేరవేసేది కూడా ఆ పట్టీయే.

అతను కబురు పెడితే, సాయంత్రానికి పట్టీ ఉన్న నలభై మంది అతని సెలూన్ ముందు కూర్చున్నారు. వాళ్లడిగేది ఇదే. పట్టీ వచ్చినప్పటి నుంచి మీ దగ్గరున్న పన్నెండేళ్ల రికార్డులు ఈ వారమే బయటపెట్టండి. మా కణాలను చంపింది రోగమో మీ మందో, మీ జీతం తినని డాక్టర్లతో తేల్చండి.