పోస్టర్ కింద పేరు

మౌస్ అటూ ఇటూ ఊపాడు గిరి. కీబోర్డు మీద చేతికందిన మీటలన్నీ నొక్కాడు. మానిటర్ అంచున పసుపు దీపం మినుకుమంటూనే ఉంది గాని, తెర మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది.

“ఇంకా ఎంతసేపు పడతాది తమ్ముడూ?” ఎదురుగా స్టూలు మీద కూర్చున్న సీతాలక్ష్మి అడిగింది. “నాయన్ని ఎక్కువసేపు ఉంచేదానికి లేదు. ఎండ ఎట్ట కాస్తా ఉందో చూడండి.”

“అయిపోతాదక్కా. నిద్రలోకి పోయింది, అంతే. లేపేస్తా.”

ఆమె తొండియార్‌పేట నుంచి వచ్చింది. తమ వీధిలోనే ప్రింటింగ్ షాపు ఉన్నా, అక్కడ వేయిస్తే అన్నలకు తెలిసిపోతుందని వాషర్‌మెన్‌పేట్ లోని గిరి షాపు దాకా వచ్చానంది. కావలసింది కన్నీర్ అంజలి పోస్టర్. పోయినవాళ్ళ ఫోటో పెద్దదిగా వేసి, కింద కుటుంబం పేర్లు రాసి, వీధి గోడల మీద అంటిస్తారే, అది. తండ్రి పేరు రంగసామి, హార్బర్‌లో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరైనాయన, అని వేయమంది. తేదీ జాగా ఖాళీగా వదలమంది, తర్వాత చెబుతానంది. గిరి గుచ్చి గుచ్చి అడగలేదు. ఇలాంటి పని మీద వచ్చినవాళ్ళను ఎక్కువ మాట్లాడించకూడదని అతనికి తెలుసు. ఆమె కళ్ళలో తడి కూడా లేదు. కొంతమందికి ఏడుపు అన్నీ ముగిశాకే వస్తుంది.

అతని లాప్‌టాప్‌కు సొంత తెర ఎప్పుడో పోయింది. మూత మూసేసి, పెద్ద మానిటర్‌కు తగిలించి నెట్టుకొస్తున్నాడు. లాప్‌టాప్‌ను ఆపి మళ్ళీ వేస్తే సరిపోతుందేమో. కానీ లోపల పొద్దుటి నుంచి కూర్చుని చేసిన పెళ్ళి పత్రిక ఉంది. సేవ్ చేయలేదు. సాయంత్రం పెళ్ళికూతురి తరఫువాళ్ళు వస్తారు.

మానిటర్ బటన్ నొక్కి ఆపి, మళ్ళీ వేశాడు. సిగ్నల్ లేదని ఒక మాట మెరిసి, తెర మళ్ళీ చీకటైపోయింది. కేబుల్ ఊడదీసి, ఊది, గట్టిగా గుచ్చాడు. ఎవరో ఒకప్పుడు నేర్పిన నాలుగు మీటలు ఒకేసారి అదిమాడు. లాప్‌టాప్ కీచుమంది. తెర కదల్లేదు.

చివరికి పురసవాక్కంలో కంప్యూటర్లు బాగుచేసే కార్తీకి ఫోన్ చేశాడు. బటన్ ఆపితే చాలదన్నాడు కార్తీ. మానిటర్ ప్లగ్గు గోడలోంచే పీకేయాలి, కేబుల్ రెండువైపులా తీసేయాలి, కాసేపు దాన్ని అలా వదిలేయాలి. ఆ తర్వాత ముందు కరెంటు ఇచ్చి, కేబుల్ చివర్లో తగిలించాలి. లాప్‌టాప్ జోలికి మాత్రం పోవద్దన్నాడు.

గిరి బల్ల కిందికి దూరి ప్లగ్గు పీకి, కేబుల్ రెండువైపులా తీసేశాడు. ఇద్దరూ చేయడానికేమీ లేక కూర్చున్నారు. ఫ్యాన్ వేడిగాలి తోస్తోంది. సీతాలక్ష్మి లేచి గుమ్మందాకా వెళ్ళి, రోడ్డు వైపు చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

“తొందర పెడతా ఉండానని ఏమీ అనుకోవద్దు” అంది.

ప్లగ్గు పెట్టాడు. కేబుల్ తగిలించాడు. మీట నొక్కాడు. తెర ఒకసారి తెల్లగా మెరిసి, తర్వాత పెళ్ళి పత్రిక ఎక్కడ వదిలాడో అక్కడే ప్రత్యక్షమైంది. గిరి ముందు దాన్ని సేవ్ చేశాడు. మానిటర్ ఇక ఎప్పుడూ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చేశాడు. అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు.

ఆమె ఫోన్‌లోంచి ఫోటో తీసుకున్నాడు. తెల్లచొక్కా, కొత్తగా గీసిన గడ్డం, ఒకవైపుకు వంగిన నవ్వు. పైన ‘కన్నీర్ అంజలి’ అని తమిళ అక్షరాలు పెద్దవిగా పరిచాడు. కింద పేరు, ఉద్యోగం. పని చకచకా సాగింది.

“కుటుంబం పేర్లు చెప్పండక్కా.”

“కూతురు సీతాలక్ష్మి.”

కొట్టి, తర్వాతి పేరు కోసం ఆగాడు.

“కొడుకులు?”

“ఇద్దురు ఉండారు. నిరంజన్, కోదండరాం. వాళ్ళ పేర్లు వద్దు.”

గిరి మీటల మీంచి చేతులు తీసేశాడు. ఈ వీధుల్లో పోస్టర్ మీద ఒక పేరు తప్పిపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. ఆ పేరుగలవాళ్ళు దాన్ని చింపేస్తారు. అంతటితో ఊరుకోకుండా, అడుగున షాపు పేరూ ఫోన్ నంబరూ చూసుకుని తిన్నగా ఇక్కడికే వస్తారు. ఆ సంగతే చెప్పాడు. కొడుకులుండగా కూతురి పేరొక్కటే వేయడం తానెక్కడా చూడలేదన్నాడు. పోనీ, ఆమె పేరు పైన పెద్దదిగా పెట్టి, వాళ్ళవి కింద చిన్న అక్షరాల్లో ఇరికిద్దామన్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. “స్నానం చేయించేది నేను. అన్నం కలిపి పెట్టేది నేను. ఆస్పత్రికి ఎత్తుకోని పొయ్యేది నేను. వాళ్ళు పక్క వీధిలోనే ఉండారు తమ్ముడూ, పండక్కి కూడా ఎట్టుండావని అడగరు. ఫోటో కింద మాత్రం ముందు వాళ్ళుండాల్నా?”

ఆమె అన్నదాంట్లో గిరికి తప్పేమీ కనబడలేదు. కానీ షాపు తనది, రేపు గల్లా పట్టుకుంటే ఆ గల్లా కూడా తనదే.

“నాకు అర్థమవతా ఉందక్కా. అయితే ఇది మీ ఒక్కరి మాట. వాళ్ళు వచ్చి ఎవర్ని అడిగి వేసినావంటే నేనేం చెప్పాల? మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఒక్క మాట చెప్పనీండి, ఈ నిమిషమే ప్రింట్ ఇచ్చేస్తా.”

సీతాలక్ష్మి లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

“అయితే బయటికి రండి. ఇట్టా వేయమనింది నాయనే, ఆడ ఆటోలో కూర్చోనుండాడు, మీరే అడగండి.”